అడవికి మాటే కాపలా!

అడవిలోనైనా సముద్ర తీరంలోనైనా అడుగడుగునా కాపలాదారుణ్ని పెట్టలేం. వచ్చినవాళ్ల మనసుకెక్కేలా నాలుగు మాటలు చెబితే వాళ్లే కాపలా కాస్తారు. అలా చెప్పిన చోట్ల ఏం జరిగిందో చూడండి.

◆ ఎలుగుబంటికి సొంత పిన్‌కోడ్
నిప్పుతో జాగ్రత్త అని చెప్పడానికి అమెరికా అటవీశాఖ 1944లో టోపీ పెట్టుకున్న ‘స్మోకీ బేర్’ అనే ఎలుగుబంటి బొమ్మను జనంలోకి తెచ్చింది. 1950లో న్యూమెక్సికో కార్చిచ్చులో కాళ్లు కాలిన ఓ ఎలుగు పిల్లను కాపాడి, దానికీ అదే పేరు పెట్టి వాషింగ్టన్ జూలో పెంచారు. పిల్లల ఉత్తరాలు కుప్పలుగా వచ్చిపడుతుంటే 1964లో తపాలా శాఖ స్మోకీకి ప్రత్యేకంగా 20252 అనే పిన్‌కోడ్ ఇచ్చింది.

◆ బొటనవేలే కొలబద్ద
ఎల్లోస్టోన్ పార్కులో ఎలుగుబంట్లకు, తోడేళ్లకు కనీసం 91 మీటర్లు, అడవిదున్నలకు 23 మీటర్లు ఎడంగా ఉండాలి. మరి టేపు పట్టుకుని కొలవలేం కదా! అందుకే అక్కడి రేంజర్లు ఓ చిట్కా నేర్పుతారు. చెయ్యి బారుగా చాచి, ఒక కన్ను మూసి, బొటనవేలు ఎత్తి చూడాలి. జంతువు మొత్తం వేలి చాటుకు పోతే సరే, ఏ కాస్త కనిపించినా వెనక్కి తగ్గాల్సిందే.

◆ నాణేలు మార్చిన రంగు
మాట చెవికెక్కకపోతే ఏమవుతుందో కూడా చూడండి. అదే పార్కులోని ‘మార్నింగ్ గ్లోరీ’ వేడినీటి గుండం ఒకప్పుడు ముదురు నీలం. సందర్శకులు వేసిన నాణేలు, చెత్త అడుగున నీరు ఊరే దారికి అడ్డుపడ్డాయి. వేడి తగ్గింది. దాంతో అంచుల్లో ఉండే పసుపు, నారింజ రంగుల సూక్ష్మజీవులు లోపలికి పాకాయి.

◆ తిరగబడ్డ హెచ్చరిక
అరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్‌లో 20 కోట్ల ఏళ్లకు పైబడిన చెట్లు రాళ్లుగా మారి ఉన్నాయి. సందర్శకులు వాటి ముక్కల్ని జేబులో వేసుకుపోతుంటే మనస్తత్వవేత్త రాబర్ట్ చాల్డీనీ బృందం ఓ పరీక్ష చేసింది. దారిలో గుర్తు పెట్టిన ముక్కల్ని ఉంచి, రెండు రకాల బోర్డులు పెట్టింది. ‘చాలామంది తీసుకెళ్లడంతో పార్కు దెబ్బతింటోంది’ అన్న బోర్డు ఉన్నప్పుడు నూటికి దాదాపు ఎనిమిది ముక్కలు మాయమయ్యాయి. ‘దయచేసి తీసుకెళ్లకండి’ అన్నప్పుడు రెండు కూడా పోలేదు. అందరూ చేస్తున్నారని చెబితే తప్పు కూడా మామూలే అనిపిస్తుంది మరి!
తీసుకెళ్లినవాళ్లలో కొందరు పశ్చాత్తాపంతో క్షమాపణ ఉత్తరం రాసి, రాయిని తిరిగి పంపుతుంటారు. ఏది ఎక్కడిదో తెలియదు కాబట్టి వాటిని ఒకచోట పోగేస్తారు. ఆ గుట్టకు ‘మనస్సాక్షి గుట్ట’ అని పేరు.

◆ పాస్‌పోర్టులో ప్రమాణం
పసిఫిక్ సముద్రంలోని చిన్న ద్వీపదేశం పలావు. 2017 డిసెంబరు నుంచి అక్కడ దిగే పర్యాటకుల పాస్‌పోర్టులో ఓ ప్రమాణ పత్రం ముద్ర వేస్తున్నారు. ప్రకృతికి హాని చేయనని ఆ దేశపు పిల్లలకు మాటిస్తూ దానిమీద సంతకం పెట్టాలి. ఆ ప్రమాణాన్ని రాయడంలో ఆ పిల్లలూ పాలుపంచుకున్నారు.

◆ స్వామివారి పూదోట
మన అయ్యప్ప భక్తులు పెద్ద సంఖ్యలో వెళ్లే శబరిమల ఉన్నది పెరియార్ పులుల అడవిలో. అక్కడ 2011లో కేరళ పోలీసుల చొరవతో ‘పుణ్యం పూంగావనం’ మొదలైంది. కొండంతా స్వామివారి పూదోట అనీ, దాన్ని శుభ్రంగా ఉంచడమూ పూజేననీ భక్తులకు చెప్పేవారు. పంబా నదిలో బట్టలు వదలొద్దనీ, తెచ్చిన ప్లాస్టిక్ వెంట తీసుకెళ్లమనీ కోరేవారు.

గురుస్వాములూ! ఇరుముడి కట్టించేటప్పుడు మీరు చెప్పే నియమాల్లో ఈ మాట కూడా చేర్చండి. బోర్డు చెబితే వినని స్వామి కూడా మీరు చెబితే వింటాడు.