రెండు తీగలు, రెట్టింపు ప్రమాదం

చేవెళ్ల, మొయినాబాద్ తల్లిదండ్రులకు మా మనవి. ఈ-సిగరెట్‌లో సన్నని తీగచుట్ట వేడెక్కి నికోటిన్ ద్రవాన్ని ఆవిరి చేస్తుంది. పొగ ఎక్కువ రావాలని కొందరు కుర్రాళ్లు రెండు తీగలను పక్కపక్కనే పెట్టి చుడతారు. ఒక్కో తీగ నిరోధం 1 ఓమ్ అయితే, రెండూ కలిసి అర ఓమే. అప్పుడు 4.2 వోల్టుల బ్యాటరీ 4.2 ఆంపియర్లకు బదులు 8.4 ఆంపియర్లు ఇవ్వాలి. తట్టుకోలేని బ్యాటరీ జేబులోనో, నోటి దగ్గరో పేలవచ్చు.

కాలితే 20 నిమిషాలు కుళాయి నీటి ధార కింద ఉంచండి. పేస్టు, సిరా పూయకండి. ద్రవం చిన్నపిల్లలు మింగితే వాంతి చేయించకుండా, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

వీటి తయారీ, అమ్మకాలను 2019 చట్టం నిషేధించింది. అయినా బిడ్డ చేతిలో కనిపిస్తే కొట్టకండి, కూర్చోబెట్టి మాట్లాడండి. భయపడిన బిడ్డ గాయాన్నీ దాచేస్తాడు. మానాలనుకుంటే మా దగ్గరకు పంపండి, మేము సాయం చేస్తాము.