చిత్రగీతములలో జాజ్

"సినిమా పాటల నడుమ బాకావలె మ్రోగునదేమి?" అని కనిగిరి శ్రోత యొకరు మాకు వ్రాసినారు. బహుశః ట్రంపెట్. దానితో వచ్చిన బాణీ జాజ్.

జాజ్ 1900 ప్రాంతమున అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరమున, నల్లజాతివారి నడుమ రూపొందినది. వరుస నొకసారి వినిపించి, పిమ్మట వాదకుడు దానిని అప్పటికప్పుడు తన ఊహ కొలది పెంచుకొనిపోవును. కల్పనస్వరములు విన్న చెవికి ఇది వింత కాదు.

అది మన పాటలలోనికి వచ్చిన త్రోవ బొంబాయి. రాత్రులు హోటళ్లలో జాజ్ వాయించిన గోవా వాదకులే పగలు స్టూడియోలలో పనిచేసెడివారు. పాశ్చాత్య స్వరలిపి వారికి కరతలామలకము. వారిలో చిక్ చాకొలెట్ అను ట్రంపెట్ వాదకుడు సి. రామచంద్రకు సహాయకుడుగా నుండెను. 1951 నాటి 'అల్‌బేలా' సంగీతము వారిదే. పాట ఊరూర తెలిసినది. ఊదినవాని పేరు మాత్రము తెలియలేదు.

1952 పిదప ఆకాశవాణిలో చిత్రగీతములకు చోటు కరవైనది. శ్రోతలు రేడియో ముల్లును సిలోను వైపు త్రిప్పిరి. 1957 అక్టోబరు 3న వివిధభారతి ఆరంభమైనది. తానొక్కడే వినుటకు రికార్డు చాలును. ఊరి పేరుతో కార్డు వ్రాయుట పదిమందికి వినిపించుటకే గదా!

కనిగిరి మిత్రులు పాట పేరు వ్రాయ మరచినారు. మరల వ్రాసినచో వెదకి వినిపింతుము.