డిశ్చార్జి తర్వాతి ఖర్చు

నల్లగొండ, యాదాద్రి, సూర్యాపేట, జనగామ జిల్లాల్లో కల్లుగీత మీద బతికే ఊళ్లకు వెళ్లి, చెట్టు మీది నుంచి పడి మంచాన ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడగండి. చాలాచోట్ల ఎదురు ప్రశ్న వస్తుంది: ఏ ఇంటికి పోవాలె?

మోకు జారుతుంది. వానకు తడిసిన మాను మీద కాలు నిలవదు. అంత ఎత్తు నుంచి పడి బతికి బయటపడ్డవాడికి చాలాసార్లు వెన్నుపూస విరిగి ఉంటుంది. నడుము కింద స్పర్శ పోతుంది. ప్రాణం పోతే నాయకులు పరామర్శకు వస్తారు. కాళ్లు పోతే ఎవరూ రారు. తాతల కాలం నుంచీ ఉన్న కష్టమిది, కొత్తగా వచ్చిందేమీ కాదు.

ఆపరేషన్ దాకా ఫర్వాలేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఉంది. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. నిమ్స్‌కో గాంధీకో ఎంజీఎంకో చేరితే వెన్నుకు రాడ్లు వేస్తారు, కుట్లు మానాక పంపిస్తారు. అంబులెన్సు ఇంటి ముందు ఆగి మనిషిని మంచం మీదికి దించాక అసలు ఖర్చు మొదలవుతుంది. దానికి ఆరోగ్యశ్రీ కార్డు పనికిరాదు.

మూత్రం గొట్టాలు, సంచులు, డైపర్లు, గ్లవ్స్, గాజుగుడ్డ, ఆయింట్‌మెంట్ నెలనెలా కొనాలి. గాలి పరుపు కావాలి. మనిషిని రెండేసి గంటలకు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలి. తిప్పకపోతే పిరుదుల దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతాయి. అవి ఎముక దాకా దిగితే మళ్లీ ఆస్పత్రే. గొట్టం శుభ్రంగా లేకపోతే ఇన్‌ఫెక్షన్ కిడ్నీకి చేరుతుంది. ఇదంతా చేసేది భార్యే. పగలూ రాత్రీ మంచం దగ్గర ఉండాల్సిన మనిషి పత్తి ఏరడానికి, నాట్లకు ఎలా పోతుంది? చెట్టు మీది నుంచి పడింది ఒక్కడే, కానీ ఇంట్లో ఇద్దరి కూలీ ఆగిపోతుంది. ఖర్చు లెక్కగట్టేవాళ్లు ఈ రెండో కూలీని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోరు.

ముందు పుస్తెలతాడు గోల్డ్‌లోన్‌కు పోతుంది. తర్వాత నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెస్తారు. అటు మహిళా సంఘం వాయిదా, ఇటు ఫైనాన్స్ కంపెనీ వారం వాయిదా ఆగవు. అర ఎకరమో ఎకరమో ఉంటే దానికి బేరం పెడతారు. నా మాట ఒక్కటే: రావాల్సిన డబ్బు ఏదేది ఉందో తేలేదాకా భూమి అమ్మకండి.

రావాల్సిన డబ్బు నిజంగానే ఉంది. శాశ్వతంగా పనికి దూరమైన గీత కార్మికుడికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఉంది. కానీ చెట్టు గీసేందుకు ఇచ్చే టీఎఫ్‌టీ లైసెన్సో, గీత సొసైటీ సభ్యత్వమో ఉండాలి. గీసేందుకు చెట్టెక్కినప్పుడే పడ్డాడని రుజువు కావాలి. మెడికల్ బోర్డు శాశ్వత వైకల్యమని రాయాలి. పడ్డ రోజు ప్రాణం కోసం పరుగెత్తిన ఇంటివాళ్లకు ఎక్సైజ్ ఆఫీసులో, పోలీస్ స్టేషన్‌లో చెప్పాలన్న సంగతి గుర్తుండదు. నెలల తర్వాత ఆ కాగితాల కోసం తిరగాల్సి వస్తుంది. తండ్రి లైసెన్సు మీద చెట్టెక్కే కొడుకు పడితే దారే లేదు.

పింఛన్‌కు వైకల్య సర్టిఫికెట్ కావాలి, అందులో కనీసం 40 శాతం వైకల్యం తేలాలి. దానికి స్లాట్ దొరకాలి, కదల్లేని మనిషిని ఆటోలో పడుకోబెట్టి జిల్లా కేంద్రానికి తీసుకుపోవాలి. ఇంత చేశాక తెలంగాణలో 2023 జులై నుంచి ఇస్తున్న మొత్తం నెలకు 4,016 రూపాయలు. కోదాడ దాటి ఆంధ్రలో అడుగుపెడితే, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 2024 జులై నుంచి ఇస్తున్నది 15,000. వెన్ను విరిగిన మనిషికి కోదాడలో, జగ్గయ్యపేటలో ఖర్చు ఒకటే. మంచంలో ఉన్నవాడికి, కర్ర సాయంతో నడిచేవాడికి ఒకే పింఛన్ ఇవ్వడం న్యాయం కాదు. తెలంగాణ ఈ తేడాను గుర్తించాలి.

చాలామందికి తెలియని ఇంకో సంగతి పాస్‌బుక్కులో ఉంటుంది. ఏటా మే నెలాఖరులో ఖాతాలోంచి 20 రూపాయలు పోతుంటే అది ప్రధానమంత్రి సురక్షా బీమా. ప్రమాదంలో రెండు కాళ్లూ శాశ్వతంగా పనిచేయకుండా పోతే దాని కింద 2 లక్షలు రావాలి. బ్యాంకుకు నెలలోపే చెప్పడం మంచిది. అయితే ఆ నెల మొత్తం ఆ కుటుంబం ఆస్పత్రి వరండాలోనే ఉంటుంది.

ఏదో ఒక రోజు పెద్ద మొత్తం చేతికొస్తుంది. అప్పులవాళ్లకు ఆ కబురు ముందే చేరుతుంది. మిత్తి ఎక్కువున్న అప్పు తీర్చాల్సిందే. కానీ సగమైనా పక్కన పెట్టండి. రెండున్నర లక్షలు పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో వేస్తే నెలకు సుమారు 1,500 వస్తాయి. సంచులకు, గ్లవ్స్‌కు ఆ డబ్బు ఆధారమవుతుంది. ఖాతా ఆయన ఒక్కడి పేరునే ఉంటే, భార్య పేరు కూడా కలిపి ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా వెంటనే మార్పించండి.

2024 జులైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ప్రభుత్వం చెట్టు మీది నుంచి పడకుండా కాపాడే కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని, చెట్టెక్కే ప్రతి ఒక్కరికీ అందాలి. ఇప్పటికే పడ్డవాళ్లకు మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు.

వీళ్ల కోసం చేయాల్సింది ఆస్పత్రిలోనే చేయొచ్చు. వెన్ను విరిగిన మనిషి వారాల తరబడి అక్కడే ఉంటాడు. డాక్టర్లు అక్కడే, రికార్డులు అక్కడే, ఆధార్ కార్డు దిండు కిందే ఉంటుంది. ప్రమాదం గురించి పోలీసులకు, ఎక్సైజ్ వాళ్లకు, బ్యాంకుకు తెలియజేయడం, వైకల్య పరీక్ష తేదీ ఖాయం చేయడం, చక్రాల కుర్చీకి దరఖాస్తు పెట్టడం లాంటి పనులకు ప్రతి పెద్ద ఆస్పత్రిలో ఒక ఉద్యోగిని పెట్టాలి. ఆరోగ్యశ్రీ సాయానికి ఆరోగ్యమిత్రలు ఇప్పటికే ఉన్నారు. డిశ్చార్జికి ముందు ఈ కాగితాలు కూడా పూర్తి చేయించే బాధ్యత వాళ్లకు అప్పగిస్తూ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇస్తే చాలు.