సన్నీవేల్‌లో రెండవ ప్రపంచయుద్ధపు జాడలు

సన్నీవేల్ మీదుగా 101 రహదారిపై ప్రయాణించేవారికి ఊరి అంచున, మోఫెట్ ఫీల్డ్‌లో, ఒక బృహత్తర కట్టడం కనిపిస్తుంది. దాని పేరు హ్యాంగర్ వన్. 'మేకన్' అనే నౌకాదళపు వాయునౌక కోసం దానిని 1933 నాటికి నిర్మించారు. మేకన్ 1935లో సముద్రంలో కూలిపోయింది. కట్టడం మాత్రం మిగిలింది. 1942లో నౌకాదళం తిరిగివచ్చి, జలాంతర్గాముల జాడ పసిగట్టే చిన్న వాయునౌకలను అక్కడి నుండి నడిపింది. ఈ ప్రాంతంలో రెండవ ప్రపంచయుద్ధం వదిలిన గుర్తులలో కంటికి కనిపించేది ఇది. కనిపించని గుర్తులు చట్టాలలో ఉన్నాయి. ఇక్కడి భారతీయుల జీవితాలపై వాటి ప్రభావమే ఎక్కువ.

యుద్ధానికి మూలాలు సుపరిచితాలే. వెర్సాయ్ సంధి జర్మనీలో మిగిల్చిన అవమానభావం, 1929 నాటి ఆర్థికమాంద్యం, వాటిని ఆసరా చేసుకుని 1933లో అధికారం చేపట్టిన నాజీలు ఒకవైపు. ముడిసరుకుల కోసం 1931లో మంచూరియాను, 1937 నుండి చైనా ప్రధాన భూభాగాన్ని ఆక్రమించిన జపాన్ మరొకవైపు. 1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలండ్‌పై దాడి చేసింది. రెండు రోజులకు, ఇక్కడి నాయకులనెవరినీ సంప్రదించకుండానే, భారతదేశం కూడా యుద్ధంలో ఉన్నట్లు వైస్రాయి ప్రకటించాడు. 1941లో అమెరికా చమురు సరఫరా నిలిపివేయడంతో జపాన్ ఆగ్నేయాసియా చమురుపై కన్నువేసింది. డిసెంబరు 7న పెర్ల్ హార్బర్‌పై దాడికి దిగింది.

అప్పటినుండి యుద్ధఫలితం చాలావరకు ఓడలపైనే ఆధారపడింది. సైన్యాలు, ఆహారం, ఆయుధాలు అన్నీ మహాసముద్రాలు దాటవలసినవే. ఒక్క 1942లోనే జర్మన్ జలాంతర్గాములు 60 లక్షల టన్నులకు పైగా మిత్రపక్షాల నౌకలను ముంచివేశాయి. మునిగేవాటికంటే వేగంగా కొత్త ఓడలు కట్టడమొక్కటే మార్గం. అలా పుట్టినవి లిబర్టీ నౌకలు: మొత్తం 2,710.

వాటికి ఇంజన్లు ఎక్కడి నుండి రావాలి? ఆధునిక టర్బైన్లు, వాటికి కావలసిన గేర్లు యుద్ధనౌకలకే చాలడం లేదు. అందుకే అప్పటికే పాతబడిన ఆవిరి ఇంజన్‌ను ఎంచుకున్నారు. ఆవిరి మూడు దశల్లో, ఒకదానికంటే ఒకటి పెద్దవైన సిలిండర్లలో వ్యాకోచిస్తూ 2,500 అశ్వశక్తిని ఇచ్చే యంత్రమది. బరువు సుమారు 135 టన్నులు. 1906 భూకంపం తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో నుండి సన్నీవేల్‌కు తరలివచ్చిన జాషువా హెండీ ఐరన్ వర్క్స్, అంతవరకూ ప్రధానంగా గనుల యంత్రాలు చేసిన సంస్థ, ఈ పనిని చేపట్టింది. నిపుణులు మాత్రమే చేయగల పనిని చిన్నచిన్న అంచెలుగా విడగొట్టి, యంత్రానుభవం లేని స్త్రీపురుషులకు అప్పగించింది. యుద్ధం ముగిసేనాటికి 754 ఇంజన్లు అక్కడ తయారయ్యాయి. 1940లో సన్నీవేల్ జనాభా 4,373. కర్మాగారంలో పనిచేసినవారి సంఖ్య ఒక దశలో పదివేలు దాటింది.

అదే 1942లో యుద్ధం తెలుగువారి ముంగిటికీ వచ్చింది. రంగూన్ రేవు కూలీలలో అత్యధికులు తెలుగువారు. మార్చిలో ఆ నగరం జపాన్ వశం కాగా, లక్షలాది భారతీయులు బర్మా విడిచిపోయారు; ఓడ దొరకనివారు కొండలూ అడవులూ దాటి కాలినడకన వచ్చారు, దారిలోనే ఎందరో మరణించారు. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. బర్మా బియ్యం ఆగిపోవడం మరుసటి ఏటి బెంగాల్ కరువును తీవ్రం చేసిన కారణాలలో ఒకటి.

ఆ ఏడాదే శాంతాక్లారా లోయలో మరో వలస మొదలైంది. ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన 9066వ ఉత్తర్వు ఆధారంగా పశ్చిమతీరంలోని జపాన్ సంతతివారిని శిబిరాలకు తరలించారు. సుమారు 1,20,000 మంది నిర్బంధానికి గురయ్యారు. వారిలో మూడింట రెండు వంతులు పుట్టుకతోనే అమెరికా పౌరులు. ఈ లోయలో పళ్ళతోటలు, కూరగాయలు సాగుచేసిన కుటుంబాలలో అనేకం వయోమింగ్‌లోని హార్ట్ మౌంటెన్ శిబిరానికి చేరాయి. శాన్‌హోజేకు చెందిన పదేళ్ళ నార్మన్ మినేటా వారిలో ఒకడు.

ఇక్కడ గమనించవలసిన విషయమొకటి ఉంది. యుద్ధానికి ముందు అమెరికా చట్టం దృష్టిలో జపాన్ వలసదారు, భారతీయ వలసదారు ఒకే స్థితిలో ఉన్నారు. 1922లో ఒజావా, 1923లో భగత్‌సింగ్ థింద్ వ్యాజ్యాలలో సుప్రీంకోర్టు ఇరువురికీ పౌరసత్వార్హత లేదని తీర్పిచ్చింది. ఆ అర్హత లేనివారు కాలిఫోర్నియాలో వ్యవసాయభూమిని కొనడానికీ వీలులేదు. యుద్ధం ఆ ఇద్దరినీ విడదీసింది. ఆసియన్లను బహిష్కరించే చట్టాలు శత్రువుల ప్రచారానికి ఆయుధాలవుతున్నాయని వాషింగ్టన్ గ్రహించింది. త్వరలో స్వతంత్రం కాబోయే భారత్ మైత్రీ అవసరమే. ఇండియా లీగ్ ఆఫ్ అమెరికా నేత జె. జె. సింగ్ వంటివారి కృషి దానికి తోడైంది. 1946 జూలై 2న ట్రూమన్ సంతకంతో లూస్-సెల్లర్ చట్టం వచ్చింది. భారతీయులకు పౌరసత్వార్హత, ఏటికి 100 మంది వలసకు అనుమతి దాని సారాంశం. జపాన్ వలసదారులు అదే అర్హత కోసం 1952 వరకు వేచి ఉండవలసివచ్చింది.

యుద్ధానంతరం హెండీ కర్మాగారాన్ని 1947లో వెస్టింగ్‌హౌస్ కొన్నది. 1956లో లాక్‌హీడ్ క్షిపణుల విభాగం సన్నీవేల్‌కు వచ్చింది. ప్రచ్ఛన్నయుద్ధపు రక్షణ ఒప్పందాలతో 1960 నాటికి ఊరి జనాభా 52,898 అయింది. పళ్ళతోటల స్థానంలో కంపెనీలు వెలిశాయి. 1965 వలసచట్టం జాతీయతల కోటాలను తొలగించాక, ఆ పరిశ్రమల వైపు భారతీయ ఇంజనీర్లు, వారిలో తెలుగువారు, రాసాగారు.

మినేటా శాన్‌హోజే మేయరై, కాంగ్రెస్ సభ్యుడై, 1988 నాటి పౌరస్వేచ్ఛల చట్టం కోసం పాటుపడ్డాడు. ఆ చట్టం ద్వారా ప్రభుత్వం క్షమాపణ చెప్పి, జీవించి ఉన్న బాధితులకు తలా 20,000 డాలర్లు చెల్లించింది. అప్పటికి నాలుగు దశాబ్దాలు దాటాయి. బాధితులలో అనేకులు బ్రతికి లేరు.

యుద్ధం మారిస్తే చట్టం మారింది. ఒకరికి తలుపు తెరిచినదీ, పక్కింటివారిని శిబిరానికి పంపినదీ ఒకే ప్రభుత్వం, నాలుగేళ్ళ వ్యవధిలో. నేడు సన్నీవేల్‌లో పౌరసత్వ ప్రమాణం చేసే తెలుగువారి హక్కుకు 1946 ఎంత పునాదియో, ఆ హక్కు ఎంత సులభంగా చేజారగలదో చెప్పడానికి 1942 అంతే సాక్ష్యం.