సేటు కుక్క గుర్రుమంటే

భివండీ గోదాములైనా, సోలాపూర్ కార్ఖానాలైనా, గేటు దగ్గర పెద్ద జాతి కుక్క ఉంటే అది సేటుది. అన్నం పెట్టేది, గొలుసు విప్పేది మాత్రం వాచ్‌మన్ అన్న, లేదంటే అక్కడే ఖోలీలో ఉండే ఆయన భార్యాపిల్లలు. అందుకే ఈ మాటలు సేట్లకు కాదు, మనకు.

గ్రేట్ డేన్‌నే తీసుకోండి. పేరు డెన్మార్క్‌దిలా ఉన్నా అది జర్మనీ జాతి, ఒకప్పుడు అడవిపందుల వేటకు పెంచారు. మగది భుజం దగ్గరే రెండున్నర అడుగుల ఎత్తు, బరువు 60, 70 కిలోలు. మామూలుగా నెమ్మది జంతువు. అట్లాంటిది ఒకరోజు గిన్నె పెట్టబోతే పళ్లు చూపిస్తది. "మదమెక్కింది, నాలుగు తగిలిస్తే దారికొస్తది" అంటరు. తగిలించకండి. ఏళ్ల తరబడి నెమ్మదిగా ఉన్న కుక్క ఉన్నట్టుండి మారిందంటే ముందు నొప్పిని అనుమానించాలి.

ఈ జాతిలో మెడ ఎముకలు వెన్నుపామును నొక్కే జబ్బు ఉంది. వెనక కాళ్లు తడబడతాయి, మెడపట్టీ లాగితే భరించలేదు. మనమేమో ఆ పట్టీనే పట్టి లాగుతాం! తుంటి కీళ్ల అరుగుదల, చెవిలో చీము, చూపు తగ్గడం కూడా కారణాలే. అన్నిటికన్నా తొందరపడాల్సింది పొట్ట ఉబ్బరం. పొట్ట డోలులా బిగిసి, కక్కబోయినా ఏమీ రాక, జొల్లు కారుస్తూ తిరుగుతుంటే కడుపు మెలిపడి ఉండొచ్చు. గంటల్లో ప్రాణం పోతుంది, తెల్లారాక చూద్దామంటే కుదరదు. రోజుకు ఒక్కసారే గిన్నెడు కుక్కితే ఈ ముప్పు పెరుగుతుంది. రెండు మూడు పూటలుగా పెట్టండి.

గుర్రుమన్నప్పుడల్లా కొట్టి మాన్పించారనుకోండి, ఇక చెప్పకుండానే కరుస్తుంది.

అది మీదికొస్తున్నట్టుంటే పరుగెత్తొద్దు, కళ్లలోకి చూడొద్దు. పక్కకు తిరిగి మెల్లగా వెనక్కి జరగండి. కుర్చీయో గోనెసంచో మధ్యలో అడ్డం పెట్టండి. పశువుల డాక్టర్ చూసేదాకా పిల్లలు దాని ఛాయలకు పోవద్దు.

రేబిస్ సంగతి మరవకూడదు. గొంతు మారడం, మింగలేకపోవడం, తూలడం దాని గుర్తులు. "నీళ్లు తాగుతోంది కదా, పిచ్చి కాదులే" అనుకోవద్దు. నీళ్ల భయం మనుషుల్లో కనిపించే లక్షణం, పిచ్చికుక్క నీళ్లు తాగొచ్చు. కరిస్తే సబ్బుతో, ధార నీళ్లతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం పెట్టొద్దు. అదే రోజు సర్కారు దవాఖానకు పోవాలి. బొడ్డు చుట్టూ 14 సూదుల కాలం పోయింది, ఇప్పుడు చేతికే వేస్తారు. మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు. రక్తం వచ్చిన గాయమైతే సీరం కూడా అడగండి. కుక్కను 10 రోజులు గమనించాలి, కానీ అప్పటిదాకా సూది ఆపొద్దు.

ఇంకొక్క మాట. భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ ప్రకారం, జంతువు తన అధీనంలో ఉండగా దానివల్ల మనుషులకు ప్రమాదం రాకుండా జాగ్రత్తపడనివారికి 6 నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జుర్మానా, లేదా రెండూ పడొచ్చు. చట్టంలో ఉన్న మాట "అధీనం". గొలుసు మన చేతిలో ఉంది కాబట్టి సేటు మనమీదికి తోసేయొచ్చు. నోటిమాటతో వదిలేయకుండా ఫోన్లో రాసి పంపండి: "సేట్‌జీ, కుక్క నిన్నటి నుంచి గుర్రుమంటోంది, కాలు ఈడుస్తోంది. ఈరోజే డాక్టర్‌ను పిలిపించండి. అప్పటిదాకా దాన్ని బయటికి విడవను." పంపిన మెసేజ్ చెరిపేయకండి.