1879: రంపకొండలలో ఒక సంవత్సరము

1879వ సంవత్సరమనగానే చదువరులకు ఎడిసను వెలిగించిన విద్యుద్దీపము గుర్తునకు వచ్చును. ఆ యేడే దక్షిణాఫ్రికాలో జూలూలతో ఆంగ్లేయులకు యుద్ధము. మహారాష్ట్రమున వాసుదేవ బల్వంత ఫడ్కే తిరుగుబాటు. ఆ యేడే మన తూర్పుకనుమలలో, అరకులోయకు నైరుతిగా నున్న గూడెము, రంప కొండలు రగులుకొన్నవి. దీనికి మూలము కల్లుకుండ యనినచో కొందరు నవ్వవచ్చును.

కొండవారికి తాటికల్లు, జీలుగుకల్లు వినోదమునకు త్రాగునవి మాత్రమే కావు. వేసవిలో గాదె వట్టిపోయినపుడు కడుపునకు ఆధారమదియే. రంపను ఏలిన మన్సబుదారు దానిపై 'చిగురుపన్ను' గుంజుచుండెను. అది చాలదన్నట్లు, మద్రాసు ప్రభుత్వపు క్రొత్త ఆబ్కారీ నిబంధనలు ఇంటి వాడుకకు సైతము కల్లు గీయరాదని శాసించి, ఆ హక్కును గుత్తదారుల కప్పగించెను. గుత్తదారుడు తన పాలు తాను తీసికొనుచు, మన్సబుదారుని పాలును వసూలు చేసెను. ఆపై 'మొదలుపన్ను' అను మరియొక వడ్డన! చిగురుపన్నులో సగము, ఒక్కొక్కచోట మూడింట రెండు వంతులు. ఇక పల్లపు వర్తకులు కోర్టు డిక్రీలు తెచ్చి, స్వల్పమైన అప్పునకు పశువులను, పంటను తోలుకొనిపోవుచుండిరి. డిక్రీ యననేమో ఎరుగని కొండరైతు కోర్టుకు పోయి వాదించుట యెట్లు?

మార్చిలో చోడవరము ప్రాంతపు ముఠాదారులు పోలీసులపై తిరుగబడిరి. ఏప్రిలులో గొలుగొండ కొండలు, జూలైలో భద్రాచలము తాలూకాలోని రేకపల్లి వారితో కలిసినవి. రేకపల్లివారి బాధ వేరు: 1874లో ఆ సీమ మద్రాసు పాలనలోనికి వచ్చిన పిమ్మట పోడుపై పన్ను దాదాపు మూడింతలైనది. కారం తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య ముఖ్యనాయకులు. అడ్డతీగల పోలీసుఠాణాను చంద్రయ్య తగులబెట్టెను. సుమారు అయిదువేల చదరపు మైళ్ల మేర అలజడి వ్యాపించెను. ఆరు మద్రాసు పదాతిదళములు, అశ్వికులు, హైదరాబాదు కంటింజెంటు సేన దిగవలసి వచ్చెను.

రెవెన్యూబోర్డు సభ్యుడు సలివన్ విచారించి, దోషము మన్సబుదారు పాలనలోను, ఆబ్కారీ విధానములోను కలదని తేల్చెను. మన్సబు రద్దయ్యెను. ముఠాదారులకు ప్రభుత్వమే నేరుగా సనదులిచ్చెను. ఇంటి వాడుకకు కల్లు గీసికొనుట మరల స్వేచ్ఛయైనది. ఫితూరీకి పూర్వమే ఈ మాట యిచ్చియుండినచో, ఇంత సేనకు పని యుండెడిది కాదని మాకు తోచును.

చంద్రయ్య, తమ్మన్నదొర ఇరువురును 1880లో ప్రాణములు కోల్పోయిరి.