పాత సింథసైజరును ఎన్నుకొను విధము

సంగీతమునందు అభిలాషగల యువకులు తరచుగ అడుగుచుండు ప్రశ్న యొకటి కలదు: "పాటలు కట్టుటకు పాతకాలపు అనలాగ్ సింథసైజరును కొనదలచితిమి, చేతనున్నది స్వల్పధనము, ఏది కొనవలెను?" దీనికి ఒక యంత్రము పేరు చెప్పి ఊరకుండుట సులభము. కాని అట్టి సమాధానమువలన మేలుకంటె కీడే యెక్కువ. పేరుపొందిన యంత్రములు నేడు మిక్కిలి వెలగలవి. అవి నలువది యేండ్లు దాటినవి. పేరు విని కొన్నవాడు తాను కూడబెట్టిన సొమ్మంతయు ధారపోసి, కొన్ని నెలలకే మూగవోయిన పెట్టెయెదుట కూర్చుండవలసివచ్చును. కావున ముందు యంత్రము పనిచేయు తీరును, పిమ్మట పాటకు వలసినదానిని, తుదకు కొనునపుడు పరీక్షింపవలసిన అంశములను క్రమముగ విచారింతము.

హార్మోనియమునందు తిత్తి గాలిని త్రోయగా లోహపు రీడు కంపించి నాదము పుట్టును. రీడు మారనిదే నాదపు రంగు మారదు. అనలాగ్ సింథసైజరునందు గాలియు లేదు, రీడును లేదు, విద్యుత్తే కంపించును. దీనియందు ముఖ్యభాగములు మూడు. మొదటిది ఆసిలేటరు. ఇది రంపపుపండ్లవంటి ఆకారము గలదియో, చతురస్రాకారము గలదియో యగు తరంగమును పుట్టించును. ఈ నాదము బిరుసుగ నుండును. రెండవది ఫిల్టరు. జల్లెడ నూకను ఆపి పిండిని జారవిడుచునట్లు, ఇది హెచ్చుస్థాయి స్వరాంశములను ఆపి తగ్గుస్థాయివానిని పోనిచ్చును. ఎచ్చట ఆపవలెనో నిర్ణయించు మర యొకటి పైననే యుండును. దానిని త్రిప్పుకొలది నాదము మెత్తబడుటయో పదునెక్కుటయో జరుగును. మూడవది ఆంప్లిఫయరు. ఇది నాదపు బిగ్గరతనమును ఏలును. వీణతంత్రిని మీటినపుడు నాదము చప్పున లేచి మెల్లగ సన్నగిల్లును. వేణువునందు ఊదునంతసేపు నిలుచును. ఇట్లు లేచుట, నిలుచుట, అణగుట అను క్రమమును కూర్చు అంగమునకు ఎన్వలప్ అని పేరు. ఈ నాలుగింటి మరలను ఎరిగినవాడు ఏ సింథసైజరునెదుట నైనను బెదరడు.

విద్యుత్పీడనముచే ఈ భాగములను నడుపు పద్ధతిని రాబర్ట్ మూగ్ అను అమెరికా దేశస్థుడు 1964లో రూపొందించెను. తొలి యంత్రములు గోడంత బీరువాలు. 1970లో వెలువడిన మినీమూగ్ ఒకడు చేత పట్టుకొనిపోదగిన పరిమాణమునకు వచ్చెను. అయినను దానికి ఒక పరిమితి కలదు: ఎన్ని మెట్లు నొక్కినను ఒక్కసారికి ఒక్క స్వరమే పలుకును. ఇట్టివానిని ఏకస్వర యంత్రము లందురు. పెక్కు స్వరములను ఒకేసారి పలుకునవి బహుస్వర యంత్రములు. వానియందు ప్రతి స్వరమునకు వేరు వేరుగ ఆసిలేటరు, ఫిల్టరు, ఆంప్లిఫయరు ఉండవలసియుండుటచే వెల హెచ్చును. చెడుటకు అవకాశములును హెచ్చును.

ఇచ్చటనే కొనువారు సాధారణముగ తొట్రుపడుచున్నారు. పాటలో ఒకేసారి పలు స్వరములు వినవచ్చును గాన బహుస్వర యంత్రమే వలయునని వారి తలంపు. కాని పాటను రికార్డు చేయువానికి ఈ నిర్బంధము లేదు. మొదట మంద్రస్వరములను వాయించి రికార్డు చేసి, దానిపై పాటవరుసను, ఆపై తక్కిన స్వరములను ఒక్కొక్కటిగ చేర్చినయెడల, ఏకస్వర యంత్రమొక్కటియే బృందమంతటి పని చేయును. 1978లో లండనునందు డేనియల్ మిల్లర్ అనునతడు వాడిన కోర్గ్ 700ఎస్ యంత్రమును, నాలుగు వరుసల టేపురికార్డరును పెట్టుకొని "వార్మ్ లెథరెట్" అను పాటను చేసి, మ్యూట్ అను తన స్వంత ముద్రతో వెలువరించెను. ఆ సంవత్సరమే షెఫీల్డు పట్టణపు హ్యూమన్ లీగ్ బృందమువారు కోర్గ్ 700ఎస్, రోలండ్ సిస్టమ్-100 అను యంత్రములతో "బీయింగ్ బాయిల్డ్" అను పాటను చేసిరి. బాసిల్డన్ పట్టణపు యువకులగు డిపేష్ మోడ్ బృందమువారికి తొలిదినములలో నున్నవి మూగ్ ప్రాడిజీ, యమహా సీఎస్-5, కవాయ్ 100ఎఫ్ఎస్ అను చిన్న ఏకస్వర యంత్రములు. 1981లో వారి తొలి సంపుటమును మ్యూట్ సంస్థయే ప్రకటించెను. టేపుపై నాడు శ్రమపడి చేసిన పనిని నేడు సామాన్యమైన కంప్యూటరే చేయుచున్నది. కావున ఇంట పాటలు కట్టువానికి నిజముగ వలసినది ఒక్క స్వరమే. అయితే అది ఆరోగ్యముగల స్వరమై యుండవలెను. సభలో నిలిచి స్వరసంపుటులను వాయింపవలసినవానికి మాత్రమే బహుస్వర యంత్రము అవసరము.

వెలల చరిత్రయు కొనువానికి ఉపదేశకరమే. 1983లో యమహా సంస్థ డీఎక్స్7 అను డిజిటల్ యంత్రమును తెచ్చెను. అది శ్రుతి తప్పదు, పదునారు స్వరములు పలుకును. దానిని జూచి జనులు తమ అనలాగ్ యంత్రములను అగ్గువకు అమ్ముకొనిరి. రోలండ్ టీబీ-303 అను చిన్న మంద్రస్వర యంత్రము 1981లో వెలువడి, ఆదరణ లేక 1984 నాటికి నిలిచిపోయెను. మన దేశమున చరణ్‌జిత్ సింగ్ బొంబాయినందు 1982లో దానితోడను, మరి రెండు రోలండ్ యంత్రములతోడను పది రాగములను వాయించి సంపుటముగ వెలువరించెను. అప్పట్లో దానిని గమనించినవారు అరుదు. 1987లో చికాగో నగరపు ఫ్యూచర్ బృందము "ఆసిడ్ ట్రాక్స్" అను పాటలో ఆ యంత్రమునే మ్రోగింపగా లోకము దానికై ఎగబడెను, వెలయు ఆకాశమునంటెను. యంత్రము మారలేదు, పేరు మారినది. స్వల్పధనము గలవాడు పేరు రాకమునుపే కొనవలెను. లేదా పేరు రాని సోదరయంత్రమును వెదకవలెను.

ఉదాహరణమునకు, రోలండ్ ఎస్‌హెచ్-101 అను 1982 నాటి ఏకస్వర యంత్రము నేర్చువానికి మిక్కిలి తగినది. ఒక్క ఆసిలేటరు, ముప్పదిరెండు మెట్లు, నూరు స్వరములను వరుసగ గుర్తుంచుకొను సాధనము దానియందు కలవు; ప్రతి మీటయు కంటికెదుట నుండును. కాని కీర్తితోపాటు దాని వెలయు పెరిగినది. 1984 నాటి జూనో-106 ఆరు స్వరముల యంత్రము. దాని కీర్తియు అట్టిదే. దాని తమ్ముడనదగిన ఆల్ఫా జూనో 1985లో వచ్చినది. ఆరు స్వరములును, అనలాగ్ ఫిల్టరును దీనికిని కలవు. అయితే వరుసగ నుండవలసిన మీటలకు బదులు ఒకే చక్రమును త్రిప్పి అన్నిటిని సవరింపవలసియుండుటచే జనులు దీనిని అంతగ మెచ్చరు. అందుచేతనే వెల తక్కువ. 1983 నాటి కోర్గ్ పాలీ-800 ఇంకను చవుకయైనది. ఎనిమిది స్వరములకును ఒకే ఫిల్టరు ఉండుట దాని లోపము. బ్యాటరీలతోనైనను నడచుట దాని సుగుణము.

ఇక పరీక్ష. మొదట యంత్రమును వెలిగించి కాలుగంట యూరకుండవలెను. పాత ఆసిలేటర్లు వేడికి శ్రుతి మారును. వేడెక్కిన తరువాతగూడ పై స్థాయి షడ్జమమును క్రింది షడ్జమమును కలియకున్న యెడల మరమ్మతు తప్పదు. జూనో, పాలీ-800 మొదలగువానియందు ఆసిలేటర్లను గడియారపు స్పందనముచే నడుపుటవలన ఈ బాధ లేదు. రెండవది, ప్రతి మెట్టును, ప్రతి మీటను కదల్పవలెను. గరగరమను ధ్వని దుమ్మువలన నైనచో శుభ్రపరుపవచ్చును. మూడవది, బహుస్వర యంత్రమైనచో దాని స్వరము లన్నిటిని ఒకేసారి పలికించి ఒక్కొక్క మెట్టును వదలుచు వినవలెను. జూనో-106 నందు 80017ఏ అను చిన్న భాగములు కాలక్రమమున చెడి స్వరమును మ్రింగివేయును. ఆరింటిలో ఒకటి మూగయైనచో తక్కినవానికిని అదే దశ రానున్నదని తలంపవలెను. నాలుగవది, కోర్గ్ పాలీసిక్స్ వంటివానిలో జ్ఞాపకశక్తికై అమర్చిన బ్యాటరీ కారి, రాగిగీతలను తినివేయును. మూత విప్పి చూపనివానివద్ద కొనరాదు.

అయిదవ పరీక్ష మనదేశమువారికి అన్నిటికంటె ముఖ్యము. జపానునందు అమ్మినవి 100 వోల్టులకును, అమెరికానందు అమ్మినవి సుమారు 120 వోల్టులకును నిర్మింపబడినవి. మన ఇండ్లలోనిది 230 వోల్టులు. వెనుకనున్న పలకను చదువక గోడకు తగిలించినయెడల యంత్రము క్షణములో కాలిపోవును. తగిన ట్రాన్స్‌ఫార్మరు వెలను కొనుగోలులో కలిపి లెక్కింపవలెను. బ్యాటరీలతో నడచు యంత్రములకు ఈ భయము తక్కువ. అయినను అడాప్టరు కొనునపుడు ధన ఋణ ధ్రువములను సరిచూడవలెను. 1983కు పూర్వపు యంత్రములలో మిడి సంధానము సాధారణముగ ఉండదు గాన, కంప్యూటరు వాని మెట్లను నేరుగ నడుపజాలదు. చేతితో వాయించువానికి ఇది లోపము కాదు.

ఇన్నియు విచారించిన పిదప, దగ్గరలో మరమ్మతు చేయగలవాడు లేడని తోచినచో, పాతదానిపై మోహము విడుచుటయే మేలు. కోర్గ్ సంస్థ 2013లో వోల్కా కీస్ అను చిన్న యంత్రమును, 1978 నాటి తన ఎంఎస్-20 యంత్రపు చిన్నరూపమును, 2016లో నాలుగు స్వరముల మినీలోగ్‌ను తెచ్చెను. ఇవియు అనలాగ్ యంత్రములే. వీని నాదమును పాటలో విన్నవారెవ్వరును పుట్టిన సంవత్సర మడుగరు.

కొనదలచినవారు మొదట ఒక కాగితముపై తమ పాటకు వలసిన స్వరములెన్నియో వ్రాసికొని, రెండవ వరుసలో తమ సొమ్మును, మూడవ వరుసలో మరమ్మతుకై అందు నాలుగవ వంతును వ్రాసి విడిగ నుంచవలెను. ఆ మిగిలినదానికి ఏ యంత్రము అన్ని పరీక్షలయందును నిలుచునో దానినే ఇంటికి తెచ్చుకొని, మరియొకదానిని కోరకమునుపు ఒక సంవత్సరమైనను దాని ప్రతి మీటను సాధన చేయుదురు గాక.